ఎడమవైపు గరుకు

మార్చి 3, సోమవారం

తాతయ్యకి మనవరాలి నమస్కారం.

పొద్దున్నే ఓ వింత. మా దంతవైద్య కాలేజీలో ఎవరినీ మెచ్చుకోని మేడమ్ నా పరిశోధనకి ఒప్పేసుకుంది! పాచి ఎక్కువగా పట్టేది గరుకు పంటికా, నున్నటి పంటికా? అదీ ప్రశ్న. గరుకు! ఆ మాటే నాలుకకి గీసుకుంటుంది కదూ?

నీకోసం చేసిన కట్టుడు పళ్ళు పంపుతున్నాను. కుడివైపు నున్నగా మెరుగు పెట్టాను, ఎడమవైపు పెట్టలేదు. మూడు వారాలు పెట్టుకో. బ్రష్షు తగలనివ్వకు, ఊరికే పుక్కిలించు. తర్వాత తిరిగి పంపితే రంగు పూసి చూస్తాను. పాచి ఉన్నచోటే రంగు నిలుస్తుంది. ఇది తప్పితే ఈ ఏడాదంతా మళ్ళీ చదవాలి.

నీ బుజ్జి

తా.క.: అమ్మమ్మతో పోట్లాడేటప్పుడు మాత్రం పాత సెట్టు పెట్టుకో. కొత్తది అరిగిపోతుంది.


మార్చి 8

బుజ్జమ్మకి ఆశీస్సులు.

పళ్ళు అందాయి. ఎడమవైపు చూసి ప్రాణం ఉసూరుమంది. పాపం, అలిసిపోయి సగంలో వదిలేశావనుకున్నాను. బల్లలకీ బీరువాలకీ పాలిష్ పట్టీ పట్టీ నడుం వంగినవాణ్ణి, నా మనవరాలి పని సగంలో ఉంటే చూస్తూ ఊరుకుంటానా? ఉప్పుకాగితంతో రుద్ది అద్దంలా చేశాను. మీ మేడమ్‌కి చెప్పకులే, నువ్వే చేశావనుకోనీ.

ఓపిక తగ్గిన తాత

తా.క.: చేతిలో కాగితం ఉంది కదా అని పాత సెట్టునీ లోపలా బయటా రుద్దాను. ఇప్పుడది వదులై, నేను మాట్లాడితే చప్పట్లు కొడుతోంది. వెక్కిరిస్తున్నాననుకుని మీ అమ్మమ్మ అలిగింది.


మార్చి 11

తాతయ్యా,

కావాలనే గరుకుగా ఉంచాను! ఆ గీతల్లోనే క్రిములు కాలు నిలదొక్కుకుంటాయి. నాలుక తుడవలేని సందుల్లో కాపురం పెడతాయి. నువ్వేమో వాటి కొంపలన్నీ నేలమట్టం చేశావు.

మళ్ళీ కొత్త సెట్టు చేశాను. వేళ్ళు బొబ్బలెక్కాయి. నీకు దణ్ణం పెడతాను, దీన్ని మురికి పట్టనీ.

నీరసించిన బుజ్జి

తా.క.: ఉప్పుకాగితం అమ్మమ్మ చేతికిచ్చెయ్.


ఏప్రిల్ 4

బుజ్జమ్మా,

మూడు వారాలూ ఓర్చుకున్నాను. నాలుక పదే పదే ఎడమవైపుకే పోతుంది, పాలిష్ లేని బల్ల మీదకి చెయ్యి పోయినట్టు. ఎంత దురద పుట్టినా ముట్టలేదు. ఇప్పుడక్కడ జిగటగా పొర కట్టింది. ఇంత మురికి పని నా చేతిమీదుగా ఎన్నడూ బయటికి పోలేదు. తలవంచుకుని పార్శిల్ కట్టాను.

తాత

తా.క.: ఇది రాస్తున్నది అమ్మమ్మని. ఆ మురికి చూడలేక, తాతయ్య పెట్టెకి మూత వేసేదాకా నేను వీధిలో నిలబడ్డాను.


ఏప్రిల్ 8

తాతయ్యా, ఎంత పని చేశావు!

మేడమ్ ముందే రంగు పూశాను. కుడివైపు మచ్చ లేదు, ఎడమవైపూ లేదు. "మీ తాతగారు ఇవి నోట్లో పెట్టుకున్నారా, బీరువాలో పెట్టుకున్నారా?" అంది. అందరూ నవ్వారు.

నా వైపు లోపమేమీ లేదు. పార్శిల్ విప్పగానే ల్యాబ్ నియమం ప్రకారం మందునీళ్ళలో నానబెట్టాను, బ్రష్షుతో శుభ్రంగా రుద్దాను, గుడ్డతో తుడిచాను, ఆ తర్వాతే రంగు పూశాను. అంటే పంపేముందు నువ్వే కడిగేశావు.

కాళ్ళావేళ్ళా పడితే కాస్త గడువిచ్చారు. అవే పళ్ళు తిప్పి పంపుతున్నాను, ఈసారి వారం పెట్టుకున్నా చాలు. ఇదే ఆఖరు.

బుజ్జి

తా.క.: సబ్బు కూడా వాడావు కదూ? నిజం చెప్పు.


ఏప్రిల్ 17

బుజ్జమ్మకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి సిగ్గుపడ్డాను. చెయ్యని నేరానికి క్షమాపణ రాయడానికి కూడా కూర్చున్నాను. మీ అమ్మమ్మ నీ ఉత్తరం లాక్కుని పైకి చదివింది. "బ్రష్షుతో శుభ్రంగా రుద్దాను" దగ్గర ఆగింది. నువ్వూ ఓసారి అక్కడ ఆగు తల్లీ.

తిట్టనులే. మురికి కనబడితే చెయ్యి ఊరుకోకపోవడం మన రక్తంలోనే ఉంది.

ఇక పార్శిళ్ళు వద్దు. నాకు ఓపిక లేదు. పొర మళ్ళీ కట్టింది. పళ్ళు నా నోట్లోనే వస్తాయి. ఈ ఉత్తరం పక్కింటి డ్రైవర్ సాయంత్రానికల్లా నీకందిస్తాడు. నేను రేపు పొద్దున మొదటి బస్సెక్కుతాను. దారిలో ఎవరు పలకరించినా నోరు తెరవను. తిన్నగా మీ మేడమ్ ముందే తెరుస్తాను. రంగు సిద్ధం చేసుకో.

తాత

తా.క.: రేపు అమ్మమ్మ కూడా వస్తోంది. నా నోటికి కాదట, నీ చేతులకి కాపలా.