కొలత కోసం పెట్టిన ఫోటో

జహనుమా,
14 అక్టోబరు 2024

మహేశ్వరక్కకు రూప నమస్కారాలు.

నువ్వు అక్కడ వేళకు తింటున్నావనీ, భయం లేకుండా నిద్రపోతున్నావనీ తలుచుకుంటూ రాస్తున్నాను. ఫోన్ చేయొద్దన్నావు కాబట్టి ఈ ఉత్తరం పూలమ్మే మున్నీతో పంపుతున్నాను. పూలు తెచ్చుకునే దారిలో మీ హాస్టల్లో ఇస్తానంది. చదివి ఆమెకే జవాబు చెప్పు. సరేనో, వద్దో.

మా పత్రిక దీపావళి సంచికకు ముఖచిత్రం చేసే పని నా మీద పడింది. కిరాణా కొట్టు ఆమె నుంచి బ్యాంకు మేనేజరు దాకా అందరూ ఆగి చూడాలంటారు మా ఎడిటర్ ఆనందరావు సార్. ఈ సంచిక కూడా అమ్ముడుపోకపోతే పత్రిక మూసేయడమేనట.

ఆయన పద్ధతి వింటే నీకు నవ్వొస్తుంది. మూడు నమూనా కవర్లు తీసి, ఎల్లేష్ అన్న పేపర్ల కొట్టు ముందు తాడుకు క్లిప్పులతో వేలాడదీస్తారు. ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతూ ఎవరి కళ్లు దేని మీద ఆగుతున్నాయో చూస్తారు. ఈసారి దీపాలతో ఒకటి, చార్మినార్‌తో ఒకటి చేశాను. మూడోదానికి ఫోటో ఇంకా రాలేదు. అక్షరాలు ఎక్కడ పడతాయో కొలత చూసుకోవడానికి నా దగ్గరున్న నీ ఫోటో పెట్టాను. గుడిమల్కాపూర్ మార్కెట్లో మున్నీ ఏదో అంటే బంతిపూల కుప్ప పక్కన పడీపడీ నవ్వావే, అది. నేను బయటికెళ్లినప్పుడు సార్ మూడూ తీసుకుపోయి కట్టేశారు.

సంగతి తెలిసి పరిగెత్తుకెళ్లేసరికి జనం గుమిగూడి ఉన్నారు. దీపాల వంక ఎవరూ చూడటం లేదు. బార్కస్ నుంచి వచ్చిన పెద్దావిడ, ఈమె మా పక్కింటి కోడలి లెక్కనే ఉంది అంటోంది. ఒక ఆటో ఆయన, మా చిన్నమ్మ గిట్లనే నవ్వుతది అన్నాడు. ఊరంతా నీ ముఖం వేలాడితే నగేష్ చూడకుండా ఉంటాడా? ఆయన్ని బావ అనడం మానేశాను. ఒంటి నిండా దెబ్బలతో ఆ ఇంటి నుంచి బయటపడ్డ నిన్ను ఎవరికీ తెలియని చోట దాచుకున్నది మళ్లీ ఆయన చేతికి ఇవ్వడానికా?

కవరు పీకేసి సార్‌తో పెద్ద లొల్లి పెట్టుకున్నాను. ముఖం తీసేద్దాం, పూలు చాలు అన్నాను. బంతిపూలు ఎవరింట్ల లేవమ్మా, గా నవ్వు తీస్తే ఏం మిగిలింది అన్నారాయన. నీ సంగతి చెప్పాక మెత్తబడ్డారు. మీ అక్క ఒప్పుకుంటేనే వేద్దాం, ఎల్లుండి ప్రెస్సుకు పోయేలోపు అడుగు అన్నారు. వద్దంటే దీపాలే వేస్తాను. నా ఉద్యోగం గురించి ఫికర్ చేయకు, ఇంకోటి చూసుకుంటాను. నాకు నీకంటే ఏదీ ఎక్కువ కాదు.

నీ చెల్లెలు,
రూప

తా.క. ఇది రాయకుండా ముగిద్దామనుకున్నాను. కానీ తెలియకపోతే నువ్వెట్లా తేల్చుకుంటావు? ఆ గుంపులో నగేష్ ఉన్నాడు. నీ ఫోటోకు మూరెడు దూరంలో నిలబడి మస్తుసేపు చూశాడు. నేను ఎల్లేష్ అన్న వెనక నక్కాను. మంచిగ నవ్వుతుంది, ఎవరు అన్నా ఈమె, కొత్త హీరోయినా అని ఎల్లేష్ అన్నను అడిగి వెళ్లిపోయాడు. అన్నేళ్లు కాపురం చేశాడు. నువ్వు నవ్వితే ఎట్లుంటావో ఆయనకు తెలియదక్కా.