ఎడమచేతి రంగు

చిన్న చెల్లికి,

దేవుడి దయవల్ల అందరం బాగున్నాం. ఈ సంగతి నీకు చెప్పేదాకా నా కాలు ఒకచోట నిలవడం లేదు.

వానాకాలానికని మా పార్లర్‌కి కొత్త గోళ్ల రంగులు వచ్చాయి. ఇన్నాళ్లూ వచ్చినవాళ్ల చేతులు నానబెట్టి తుడవడమే కదా నా పని. ఈసారి మా యజమానురాలు, "అక్కా, ఒక రంగు నువ్వు ఎంచు. దాన్ని నలుగురూ అడిగితే, రంగులు వేయడానికి నీకూ ఓ బల్ల వేయిస్తాను" అంది. నేను తడిమట్టి రంగు తీశాను. "గోళ్లు కడుక్కోలేదనుకుంటారక్కా" అని అక్కడి అమ్మాయిలు ఒకటే నవ్వు.

దేవుడికి పువ్వు పెట్టే కుడిచేతికి రంగు వేయడానికి నాకు మనసొప్పలేదు. ఎడమచేతికే వేసుకుని పనిలో కూర్చున్నాను. వచ్చినవాళ్లు నా రెండు చేతులూ పక్కపక్కన చూసి, "రంగుతో చెయ్యే మారిపోయిందే, నాకూ అదే వెయ్యండి" అన్నారు. ఒకావిడైతే, "నాకూ ఒక్క చేతికే. ఇప్పుడదేగా ఫ్యాషన్" అని పట్టుబట్టింది. నిన్నటికి ఆ రంగు సీసాలన్నీ ఖాళీ.

సోమవారం నుంచి కిటికీ పక్క బల్ల నాదే. నా చేతిమీదుగా మొదట రంగు వేయించుకునేది నువ్వే కావాలి. నీకు పుణ్యముంటుంది, అప్పటిదాకా గోళ్లు కొరక్కు.

నీకోసం ఎదురుచూసే
అక్క