వాల్వు తాళంచెవి

11 ఫిబ్రవరి 1958

మద్రాసు ఇంజనీరు వచ్చాడు. మా జిన్నింగ్ మిల్లు కప్పు కింద పైపులు వేస్తున్నారు. వేడి తగిలితే పైపు మూతికున్న బిళ్ల కరిగి నీళ్లు వాటంతటవే కురుస్తాయట. దూది ఉన్నచోట మంచిదే. ఆఫీసు గదిలో మాత్రం వద్దన్నాను. అక్కడ మా ఆయన వాన పుస్తకాలున్నాయి. ముప్పై ఒక్క ఏళ్లు మిద్దె మీద వాన కొలిచి, ఏడాదికొక పుస్తకంలో ఇంచులూ సెంట్లూ రాసిపెట్టారు. ఆయన పోయాక నాకు మిగిలిన చేతిరాత అదే. హచ్చొళ్ళి ఊరి రైతులు ఇప్పటికీ వచ్చి చూస్తారు కాబట్టి ఇంటికి తేలేదు. సిరా చెదిరిపోవడానికి ఒక్క చుక్క చాలు.

14 ఫిబ్రవరి

ఇంజనీరు దారికొచ్చాడు. ఆ గది పైపులో నీళ్లుండవు, ఉత్త గాలే. బయటి గోడకు వాల్వు. నిప్పంటుకుంటే మనిషి తిప్పాలి. ఎవరైనా ఊరికే తిప్పితే? చక్రానికి గొలుసు చుట్టి తాళం వేయించాను. తాళంచెవి ఆ పక్కనే మేకుకు ఉండాలన్నాడు ఇంజనీరు. మా తాళంచెవులన్నీ నా నడుము దగ్గరే ఉంటాయన్నాను.

వాచ్‌మన్ గాదిలింగప్ప నవ్వాడు. “అయితే నిప్పు గూడా మిమ్మల్ని అడిగే అంటుకోవల్లవ్వా” అన్నాడు. కసిరాను. పుస్తకాలకు పూచీ నీదే అన్నాను. “ఫికరు చేయొద్దు, నేనుండాను కదా” అన్నాడు.

3 మార్చి

నా తాళాల గుత్తిలో ఒక చెవి పెరిగింది. బరువు తెలుస్తోంది.

19 ఏప్రిల్, సాయంత్రం 6

వరుసగా రాస్తాను.

పొద్దున ఎనిమిదింటికి మడి కట్టుకుని జపానికి కూర్చున్నాను. గుత్తి దేవుడి గూట్లో పెట్టాను. మడి లేనివాళ్లు ఆ గదిలోకి రారు. జపం మధ్యలో నేను మాట్లాడను.

మిల్లు నుంచి జంబన్న సైకిల్ మీద వచ్చి వాకిట్లో అరిచాడు. “ఆఫీసు కాడ మంట లేసిండాది, బీగంచెవి ఈయండమ్మా!” మనవరాలు పంకజాక్షి గడప దగ్గర నిలబడి, అవ్వా, నేను తీసుకుందునా అని అడిగింది.

ఇద్దరి మాటా విన్నాను. చెయ్యెత్తాను, ఆగమని.

నూట ఎనిమిదిలో అరవై రెండు అయ్యాయి. నలభై ఆరు మిగిలాయి. అవి పూర్తిచేసి లేచి చెవి ఇచ్చాను.

గాదిలింగప్ప అప్పటికే గదిలోకి దూరాడట. పుస్తకాలు ఒక్కొక్కటే కిటికీ ఊచల సందులోంచి బయటికి తోశాడట. ముప్పై ఒకటీ. తర్వాత అతను బయటికి రాలేదు.

జంబన్న వాల్వు తిప్పగానే నీళ్లు బాగా కురిశాయట. మంట వెంటనే ఆరిపోయిందట.

20 ఏప్రిల్

పుస్తకాలు ఇంటికి తెచ్చారు. ఒక్కదానికీ తడి లేదు.

2 మే

గాదిలింగప్ప భార్య దుర్గక్క ఇంటికి వెళ్లాను. “చెవి వచ్చెనా, చెవి వచ్చెనా అని మా ఆయప్ప మూడుతూర్లు అడిగినాడంట” అంది. తనే మళ్లీ, “అంత గుత్తిలో మీరూ ఎతుక్కోవల్ల కదమ్మా” అంది. నిజం చెప్పాలనే వెళ్లాను. చెప్పలేదు. నీళ్లిచ్చింది. ఆ ఇంట్లో నీళ్లు తాగడం అదే మొదలు.

5 జూన్

తొలి వాన. ఆయన ఉంటే కొలిచేవారు. గుత్తి వాల్వు పక్కన మేకుకు తగిలించి, తడుస్తూ వెళ్లాను. దుర్గక్క తలుపు తీసింది. నలభై ఆరు అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. మొదటి నుంచి చెప్పాను.