చెరకు చాళ్లలా నాటిన గడ్డి

1973, జ్యేష్ఠం, ఆదివారం.

తమ్ముడు సూరిబాబు ఇవాళ నన్ను విశాఖ అవతల రాళ్ల ఒడ్డుకు తీసుకెళ్లాడు. అక్కడ ఆఫీసర్లు ఆడుకునే గోల్ఫు మైదానం కొత్తగా తెరిచారు. గడ్డి నాటించిన మేస్త్రీ వాడే. జ్వరంతో పోకముందు మా అబ్బాయి అప్పన్న వాడి కిందే పని చేశాడు.

ఎటు చూసినా ఇసుక దిబ్బలు, వాటి మీద పచ్చగడ్డి, సముద్రపు గాలికి కొట్టుకునే చిన్న జెండాలు. ఇంత గడ్డిలో నా బిడ్డ చెయ్యి పడింది ఎక్కడో ఎలా తెలుస్తుందని దిగులు పడ్డాను. చివరి దిబ్బ దగ్గర కాళ్లు ఆగిపోయాయి. అక్కడ గడ్డి చాళ్లు చాళ్లుగా ఉంది, జానెడుకొక పిలక, మేం గడలు ముక్కలు కొట్టి చెరకు ముచ్చెలు నాటినట్టే. వాడికి చెరకు నాటడం నేర్పింది నేనే.

"ఇది మనోడిదేనేట్రా?" అన్నాను.

"ఎలా కనిపెట్టేసేవప్పా! సాళ్లెయ్యకురా అంటే ఇన్నాడా? సెరుకు తోటేటయ్యా ఇది అని ఆఫీసరు ఒకటే నవ్వు." సూరిబాబు తనూ నవ్వి, నా మొహం చూసి తగ్గాడు. "ఒక్క వాన పడనీ అప్పా. గడ్డి అల్లుకుపోద్ది, సాళ్లు కనబడవు."

ఇంటికి వచ్చేసరికి రోలుగుంట వైపు మబ్బు పట్టింది. చేలో చెరకు ఎండిపోతోంది. నెల రోజులుగా వాన కోసమే దేవుడికి దణ్ణం పెడుతున్నాను. ఈ పూట దీపం పెట్టి కూర్చున్నాను గాని ఏం అడగాలో తోచలేదు.

"సినుకు పడతందే, రా, సూడు!" అని మా ఆయన వాకిట్లోంచి కేకేస్తున్నాడు. నేనింకా లేవలేదు...