పాత ఇంకు కొత్త ప్రింటర్‌కి పట్టదు

ఒరేయ్ తమ్ముడూ,

రాగానే షాపుకి పరిగెత్తు. కొత్త ప్రింటర్‌కి పసుపు ఇంకు కావాలి. డబ్బా మీద దాని మోడల్ నంబరు ఉందో లేదో చూసి మరీ కొను. పాతదాని కాట్రిడ్జ్‌లు ఇందులో పెట్టకు. చూడ్డానికి అచ్చం అలాగే ఉన్నాయి, గూట్లోకి దిగుతున్నాయి కూడా, కానీ ఈ మహాతల్లి ఒప్పుకోదు.

పాతదే నయం. సిరంజితో ఏ ఇంకు పోసినా కిక్కురుమనకుండా తాగేది. ఇది ఫోన్‌లోంచి ప్రింట్ తీస్తుంది, రెండు వైపులా కొడుతుంది, కానీ పసుపు అయిపోతే నలుపు కూడా వెయ్యనని మొండికేస్తోంది. నాన్నకి రోజూ వార్తలు లావు అక్షరాల్లో తీసిచ్చేది నలుపులోనే కదా, మధ్యలో పసుపుతో ఏం పని? ఎవరినని అడగను?

పొద్దున్న పాతదాన్నే బతిమాలాను. వాడక లోపల ఇంకు ఎండిపోయినట్టుంది, తెల్ల కాగితమే బయటికొచ్చింది. డ్యూటీకి టైమైపోయింది, వెళ్తున్నా.

అక్క

ఇంకోటి. ఆ తెల్ల కాగితాన్ని నాకంటే ముందు నాన్న తీసుకున్నారు. కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి, "ఇవాళ ఒక్క అక్షరం కూడా కనబడట్లేదమ్మా" అన్నారు. అందులో ఏమీ లేదు నాన్నా అంటే, ఓదారుస్తున్నాననుకుంటున్నారు. ఒక్క ముక్కైనా ప్రింట్ తీసి ఆయన చేతిలో పెట్టరా.