చదవని చీటీలు

ఆగస్టు 9, శనివారం
చర్చి వెనక కుట్టుగది

ప్రియమైన చెల్లికి,

ప్రభువు పేరట అక్క వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. ఆ ఊరి సంఘం పిలిచిందని వెళ్లావు కదా, అక్కడి నీళ్లు నీకు పడ్డాయనుకుంటాను.

పాస్టరుగారు రాయమంటే రాస్తున్నాను, నా అంతట నేను కాదు. రైలు పట్టాల పక్క ఇళ్ల నుంచి కుట్టు నేర్చుకోడానికి వచ్చే పద్నాలుగు మందిలో ఐదుగురే మిగిలారు. తక్కినవాళ్లు చదువూ కుట్టూ మానేసి ప్యాకింగు పనికి పోతున్నారు. ఇంకో ఇద్దరు మానేస్తే గది మూసేస్తారట. నువ్వొస్తే పిల్లలు తిరిగొస్తారని ఆయన నమ్మకం. పదకొండేళ్లుగా ఈ గది తాళం తీస్తున్నది నేను, పిల్లలు రావడానికి మాత్రం నువ్వు కావాలి.

నాకు కడుపుమంటే, దాచను. నేను మూడు వారాలు దారం లేకుండా పాత పేపరు మీద కుట్టిస్తాను. గుడ్డ పాడుచేస్తే ఎవరిస్తారు? నువ్వు మొదటి రోజే గుడ్డ చేతికిచ్చావు. ఒకతి జాకెట్టుకి మెడ దగ్గర చెయ్యి అతికించేస్తే, దాన్ని నువ్వే తొడుక్కుని గదంతా తిరిగావు. పిల్లలు పడీపడీ నవ్వారు. వేలిలో సూది దిగినా ఏడవని పొట్టిది నీ ఒళ్లో తలపెట్టి వాళ్ల నాన్న తాగుడు గురించి ఏడ్చింది. రెండేళ్లు నా పక్క మిషనే దానిది, నాతో ఒక్క ముక్క అనలేదు. కొత్తొక వింత, పాతొక రోత అని సరిపెట్టుకోబోయాను. కుదరలేదు.

నిన్న ఆ పొట్టిదాని అమ్మ వచ్చింది. కుర్చీ తుడిచి కూర్చోబెడితే, చిన్నక్క ఎప్పుడొస్తుందని నన్నే అడిగింది.

నీ మిషన్‌కి నూనె వేశాను. తుప్పు పడుతుందని, అంతే. రావడం మానడం నీ ఇష్టం.

ఇట్లు,
నీ అక్క

తా.క.: నువ్వు వెళ్లే ముందు శనివారం నేను పిల్లలు ప్రార్థనలు రాసి వేసే చీటీల డబ్బా తెరుస్తుంటే, నన్ను ఉండమని ఎవరైనా రాశారా అక్కా అని అడిగావు. ఒక్కరు రాసినా ఉండిపోతానన్నావు. ఎవరూ రాయలేదన్నాను. తొమ్మిది ఉన్నాయి. పైకి చదవకుండా నా మిషన్ సొరుగులో దాచేశాను. దేవుడి ముందు అబద్ధమాడాను, నీ ముందూ ఆడాను. ఆ తొమ్మిదీ ఈ కవరులో ఉన్నాయి, చదువుకో.

పొట్టిది మొన్న ఇంకోటి వేసింది. పెద్దక్క ఒక్కతే కూర్చుని అన్నం తింటోంది, ఆమె చెల్లిని పంపు ప్రభువా అని రాసింది. అది మాత్రం నీకు పంపను. పదకొండేళ్లలో నా కోసం వేసిన చీటీ అదొక్కటే.