ఆరు బొత్తాల చొక్కా

పన్నెండవ తేదీ, గురువారం. వంట అయింది. గిన్నెలు తోమాను. రెండు బకెట్ల బట్టలు ఆరేశాను. ఇక మిగిలిన పని ఈ అర్జీ.

విశ్వవిద్యాలయ క్రమశిక్షణ సంఘం అధ్యక్షుల వారికి,

అయ్యా,

విషయం: మా అబ్బాయి తప్పు చేయలేదని సంఘం ఇచ్చిన తీర్పును రద్దు చేసి, నిబంధనల ప్రకారం వాణ్ణి హాస్టల్ నుంచి పంపివేయవలసిందిగా కోరుతూ.

1. మా అబ్బాయి తమరి దగ్గర మూడో సంవత్సరం చదువుతున్నాడు. హాస్టల్లో ఉంటూ శనివారం శనివారం మాసిన బట్టలు ఇంటికి తెస్తాడు. పోయిన నెల తెచ్చిన మూటలో వాడిది కాని చొక్కా ఒకటి వచ్చింది. కొలత చిన్నది. ఆరు బొత్తాలూ లేవు. ఉతికాను. బొత్తాలు పీకిన చోట బట్ట చిరిగి ఉంటే లోపలివైపు పాత పరదా ముక్కలు వేసి, నా డబ్బాలో ఉన్న బొత్తాలు కుట్టి, ఇస్త్రీ చేశాను. ఎవరిదని ఆ తర్వాత అడిగాను. ముందు అడగవలసింది.

2. మావాడు చూసి నవ్వాడు. "దీన్నెందుకు కుట్టావమ్మా? పారేద్దామనుకున్నా" అన్నాడు. ఎవరిదిరా అంటే, "మొదటి సంవత్సరం వాడిది. మేడ మీద అందరి ముందూ చొక్కా విప్పమన్నాం. విప్పలేదు. మేమే విప్పాం. సరదాకే అమ్మా. వాడు మరీ ముట్టుకుంటే ముడుచుకుపోయే రకం" అన్నాడు.

3. ఆ అబ్బాయి ఫిర్యాదు మీద మమ్మల్ని కూడా పిలిచి జరిపిన విచారణ రోజున మావాడు "వాణ్ణి ఎవరూ ముట్టుకోలేదు సార్" అని తమరి ఎదుట చెప్పాడు. అప్పుడు నేను, వాడు ఇంట్లో నాతో అన్నది చెప్పి, సంచిలోంచి చొక్కా తీసి బల్ల మీద పెట్టాను. సభ్యుల్లో కళ్లజోడు ఆయన, "ఫిర్యాదులో చింపేశారని ఉంది, ఇది కొత్తదానిలా ఉందేమ్మా! మా ఇంట్లో ఇంత బాగా ఇస్త్రీ చేసేవాళ్లు లేరు" అన్నారు. అందరూ నవ్వారు. మావాడూ నవ్వాడు. చొక్కా తిరగేసి చూడమన్నాను. ఇంతలో టీలు వచ్చాయి. ఎవరూ తిరగేయలేదు.

4. తీర్పులో "తల్లి ఆవేశంలో చెప్పిన మాటలు పరిగణనలోకి తీసుకోలేదు" అని రాశారు. నాకు ఆవేశం లేదు. ఆ రోజు నుంచీ ఏమీ లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని మావారు చెబితే గానీ తెలియలేదు. అప్పటికి నేను తినేశాను.

5. తీర్పుతో పాటు "మా కుమారుని ప్రవర్తన సంతృప్తికరం" అన్న కాగితం సంతకాలకు పంపారు. మావారు పెట్టేశారు. నేను పెట్టనంటే, "తల్లివా, పోలీసువా? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది" అన్నారు. పడింది. అందుకే రాస్తున్నాను. తల్లి సంతకం చోటు ఖాళీగా వదిలి ఆ కాగితం జతపరుస్తున్నాను.

6. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లిపోయాడు. వచ్చే సోమవారానికి తరగతికి రాకపోతే పేరు కొట్టేస్తారట. వాళ్లమ్మకు ఫోన్ చేశాను. నేనెవరో చెప్పాను. "మీవాడు ఆ అంతస్తులో ఉన్నంతకాలం రాడక్కా. ఇంట్లో ఎంత ఉక్కపోసినా చొక్కా విప్పట్లేదు. దాంతోనే పడుకుంటున్నాడు" అంది. తిట్టలేదు. తిడుతుందని నిలబడి మాట్లాడాను.

కావున తమరు సోమవారంలోగా మా అబ్బాయిని హాస్టల్ నుంచి పంపివేసి, ఆ అబ్బాయి తన గదికి తిరిగి వచ్చే ఏర్పాటు చేయవలెను. మావాడు ఇంటి నుంచే తరగతులకు వస్తాడు. రెండు బస్సులు మారాలి. మారతాడు.

కన్నతల్లే అడుగుతున్నదని సందేహించక ఈ విన్నపం చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పై విద్యార్థి తల్లి

తా.క.: చొక్కా జతపరిచాను. తిరగేసే శ్రమ లేకుండా నా కుట్లన్నీ విప్పేశాను. మురికి తప్ప, మా ఇంటికి ఎలా వచ్చిందో అలాగే ఉంది. మావాడు ఇందాక ఫోన్ చేసి శనివారం బట్టలు తెస్తున్నానన్నాడు. సబ్బు ఎక్కడుంటుందో చూపిస్తాను, రమ్మన్నాను. బొత్తాలు ఆరూ నావి కనుక తీసి డబ్బాలో వేసుకున్నాను. ఆ చొక్కాకు నేను పడ్డ బాకీ తీరింది.